మోకాలికి మొక్కిన జడ

కొత్తపేటకి కూతవేటు దూరంలో, కాలవగట్టు మీదున్న ఆ ఊళ్లో మంగాయమ్మగారికి పేరు తెచ్చినవి రెండు. ఒకటి ఆవిడ జడ. రెండోది ఆవిడ భర్త ఆదినారాయణగారు. జడ గురించి ఆవిడకి ఏనాడూ ఏ ఇబ్బందీ లేదు.

యాభై దాటినా నల్లగా, నడుం దిగి ఉండే ఆ జడని పెంచిన ఘనత మాత్రం ఆదినారాయణగారు తన ఖాతాలో వేసుకున్నారు. ఆయన కొబ్బరి రైతు. తోటలో నూతి పక్కనున్న చెట్టు కాయల్ని దింపువాళ్లు అమ్మకం రాశిలో కలపకూడదని ఆయన శాసనం. ఆ కాయల్ని కొట్టించి, ఎండబెట్టించి, గానుగ దగ్గర తానే కూర్చుని నూనె ఆడించి తెచ్చేవారు. ఇంటికి కొత్త చుట్టాలొస్తే ముందు తోట చూపించేవారు. తర్వాత గేదెని చూపించేవారు. ఆ పైన లోపలికి కేకేసి, "ఏవే, ఒకసారి ఇలా వచ్చి అటు తిరుగు" అనేవారు. మంగాయమ్మగారు వచ్చి తిరిగేది. ఆ క్షణంలో ఆవిడ ముఖంలోనూ, గేదె ముఖంలోనూ ఒకే రకమైన ఓర్పు కనిపించేదని చూసినవాళ్లు చెబుతారు.

ఆదినారాయణగారి నెత్తిన చెప్పుకోదగ్గ పంట లేదు. మీసం మాత్రం ఉంది. దాన్ని చుట్టాలకి వేరే చూపించనక్కర్లేదు, అదే ముందు వచ్చి పలకరించేది.

పుష్కరాలకి ముందు ఏడాది ఆయనకి కొత్త అలవాటు ఒకటి మొదలైంది. పడుకున్న మనిషి లేచి దొడ్లోకి వెళ్లడం, వెళ్లినవాడు ఎంతకీ రాకపోవడం, వచ్చి పడుకోగానే మళ్లీ లేవడం. ఇది ఒంట్లో వేడి అని ఆయన తనకు తానే రోగనిర్ణయం చేసుకున్నారు. వేడికి మందు తోటలోనే వేలాడుతోంది. పొద్దున్న ఒక బొండాం, మధ్యాహ్నం ఒకటి, పడుకునే ముందు ఒకటి. ఎంత తాగితే అంత లేవాల్సొచ్చేది. మందు పనిచేస్తోందనడానికి అదే రుజువని ఆయన వాదన.

ఈ సిద్ధాంతం రావులపాలెం బస్సులో కూలిపోయింది. ఏదో పెళ్లికని బయల్దేరిన దంపతుల్లో మగమనిషి దారి పొడుగునా బస్సు ఆపించారు. దిగిన ప్రతిసారీ గట్టు మీది కొబ్బరిచెట్లకి తెగులేమైనా సోకిందేమో చూస్తున్నట్టు నిలబడి, చాలాసేపటికి తిరిగొచ్చారు. చివరికి కండక్టరు మంగాయమ్మగారిని, ఈయన వ్యవసాయశాఖలో పనిచేస్తారా అమ్మా అని అడిగాడు. పెళ్లిలో అక్షింతలు వేసిన చేత్తోనే ఆవిడ భర్త చెయ్యి పట్టుకుని, రేపు అమలాపురం వెళ్తున్నాం అని తీర్పు చెప్పింది.

ఆయన ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. ఈ సంగతి నరమానవుడికి తెలియకూడదు. మండపేటలో కాపురమున్న కూతురు బేబికి కూడా. ఎవరడిగినా మోకాలి నొప్పి అని చెప్పాలి. మోకాలి నొప్పి మర్యాదస్తుల జబ్బు, నలుగురిలో చెప్పుకోవచ్చు, నలుగురి ఎదుటా తైలం రాయించుకోవచ్చు. మంగాయమ్మగారు నూతి గట్టు మీద చెయ్యేసి మాటిచ్చింది. ఆవిడ మాటంటే మాటే. ఈ కథలో జరిగిన చాలా అనర్థాలకి మూలం అదే.

అమలాపురంలో రక్తం తీసుకున్నారు. తర్వాత కడుపు స్కానింగన్నారు. దానికి మూత్రాశయం నిండుగా ఉండాలట, నీళ్లు తాగి కూర్చోమన్నారు. అక్కడ బల్ల మీద అదే పని మీద కూర్చున్నవాళ్లంతా కడుపుతో ఉన్న ఆడపిల్లలు. వాళ్ల వరసలో, మీసంతో, ఇస్త్రీ పంచెతో, సీసా ఎత్తి పట్టుకుని ఆదినారాయణగారు. ఒక పిల్ల తల్లి ఆయన్ని చూసి, ఎన్నో నెలండీ మీ అమ్మాయికి అని ఆదరంగా అడిగింది. ఆయన మోకాలు అన్నారు.

సీసా ఖాళీ అయింది. ఆయన పేరు పిలిచేలోగా ఆయన దొడ్డివైపు పరుగెత్తారు. తిరిగొచ్చేసరికి వరస తప్పింది. మళ్లీ సీసా. ఈసారి పేరు పిలిచారు గానీ, ఇంకా నిండలేదు, కూర్చోండి అన్నారు. మళ్లీ సీసా. నిండిందనగానే కరెంటు పోయింది. మంగాయమ్మగారు ఒక చేత్తో సీసా, ఒక చేత్తో ఆయన భుజం పట్టుకుని, కాసేపు ఆగండి, కాసేపు తాగండి అంటూ ఆ పూటంతా గడిపింది. ఇద్దరు బిడ్డల్ని కన్నప్పుడు కూడా తనకింత శ్రమ కాలేదని ఆవిడ తర్వాత పక్కింటి చిట్టెమ్మతో అంది. మోకాలికి ఇంత శ్రమేంటో చిట్టెమ్మకి అర్థం కాలేదు.

కింద ఏదో గ్రంథి వాచిందన్నారు. రక్తంలో ఉండాల్సిన అంకె కంటే ఎక్కువుందన్నారు. రాజమండ్రిలో పెద్ద డాక్టరుకి చూపించుకోమన్నారు. ఆ పెద్ద డాక్టరు మంచం మీద అటు తిరిగి పడుకోమని, చేతికి తొడుగు వేసుకుని పరీక్ష చేశాడు. ఆ పరీక్ష ఎలా చేస్తారో ఇక్కడ వర్ణించడం మర్యాద కాదు. ఆదినారాయణగారి అభిప్రాయంలో చేయడం కూడా మర్యాద కాదు. బయటికొచ్చి, ఈ ఊరి గడప మళ్లీ తొక్కనని ఆయన ప్రతిజ్ఞ చేశారు. ఆ మరుసటి వారమే తొక్కారు. మంగాయమ్మగారు తొక్కించింది.

ఈసారి ఆ గ్రంథిలోంచి చిన్న ముక్కలు తీసి హైదరాబాదు పంపారు. ఈ వయసులో ఇది మామూలుగా పెరుగుతుంది, అయినా క్యాన్సర్ కాదని రూఢి చేసుకోవాలి, వచ్చే వారం కాక ఆ పై వారం రండి అని డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. ఆ వాక్యంలో ఆదినారాయణగారికి ఒక్క మాటే వినిపించింది.

ఆ తర్వాత మొదలైంది అసలు కష్టం. అది జబ్బుది కాదు, పరామర్శది.

మా వైపు మోకాలి నొప్పికి మందు తెలియని మనిషి లేడు. చిట్టెమ్మ వావిలాకు కట్టలు కట్టలుగా తెచ్చింది. ఆదినారాయణగారి పేకాట జతగాడు తాతారావు, బావగారి కోసమని ఆముదం కాయించి తెచ్చాడు. వచ్చినవాళ్ల ఎదుట ఆయన కుంటాలి. పొద్దున్న ఎడమ కాలు కుంటిన మనిషి సాయంత్రం కుడి కాలు కుంటేవారు. తాతారావు అనుమానంగా చూస్తే, "నొప్పి తిరుగుతోందండీ" అని మంగాయమ్మగారు సర్దింది. పైగా ముక్క తీసిన చోట మంటకి ఆయన కుర్చీలో స్థిమితంగా కూర్చోలేకపోయారు. మోకాలి నొప్పివాడు కూర్చోవడానికి ఎందుకు భయపడతాడో వివరించే భారం కూడా ఆవిడదే అయింది. అవసరం లేని వావిలాకు మరిగించి, అవసరం లేని కాళ్లకి కాపడం పెట్టి, అవసరం లేని ఆముదం మర్దనా చేసి, మంగాయమ్మగారి చేతులు నొప్పెట్టాయి. వాటికి మందు ఎవరూ తేలేదు.

చుట్టాలు లేనప్పుడు ఆయన కుంటడం మానేసి, వీలునామా భాషలో మాట్లాడటం మొదలుపెట్టారు. ప్రతి మాటకీ ముందు 'నేను పోయాక' వచ్చేది. నేను పోయాక ఉత్తరం గట్టు మీది ముసలిచెట్లు కొట్టించు. నేను పోయాక గేదెని తాతారావుకి అమ్మకు, వాడు మేపడు. ఒకరోజు పొద్దున్న వేణ్ణీళ్లు చల్లారిపోతున్నా ఆయన లేవలేదు. మంచం మీదే ఉండి, నేను పోయాక ఈ మంచం ఎటు వెయ్యాలో చెబుతున్నారు.

"మీరు పోయాక సంగతి పోయాక చూసుకుందాం గానీ, ముందు స్నానానికి లేవండి" అందావిడ.

ఆయన లేచారు. ఆ వారంలో ఆవిడ సాధించిన విజయం అదొక్కటే.

ఒక్క విషయం ఆవిడకి వింతగా తోచింది. డబ్బాలో నూనె ఉండగానే ఆయన గానుగకి వెళ్లి కొత్త నూనె ఆడించి తెచ్చారు. ఆవిడ తల దువ్వుకుంటుంటే గుమ్మంలో నిలబడి చూసేవారు. ఏంటలా చూస్తారంటే, ఏం లేదనేవారు. వచ్చినవాళ్లకి జడ చూపించడం కూడా మానేశారు. భయం మనిషిని ఇంత మార్చిందా అని ఆవిడకి దిగులేసింది. తన భయం సంగతి చూసుకోడానికి ఆవిడకి తీరిక లేదు. కాపడం నీళ్లు పొయ్యి మీద ఉన్నాయి.

చెప్పిన నాటికి రాజమండ్రి వెళ్లారు. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆదినారాయణగారు ఆగిపోయారు. నువ్వెళ్లు, నేనిక్కడే ఉంటాను అన్నారు. ఎదురుగా బొండాల బండి ఉంది గనక అక్కడే ఉండాలని తోచింది కాబోలు. మంగాయమ్మగారు ఒక్కర్తే లోపలికెళ్లింది. డాక్టరు కాగితం చూసి, క్యాన్సర్ కాదమ్మా, వయసు వాపే, మాత్రలు వాడండి, ఆరు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి అన్నాడు. ఇంకోసారి చెప్పండి బాబూ అంది. ఆయన చెప్పాడు. మళ్లీ చెప్పమంది. ఆయన మళ్లీ చెప్పాడు.

అన్నాళ్లూ ఎక్కడ దాచిందో, అదంతా ఆవిడకి మెట్ల మీద ముంచుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వస్తున్న భార్యని చూసి ఆదినారాయణగారు బొండాం పక్కన పెట్టి, మురుగుకాలవ గట్టు మీద కూలబడ్డారు.

"అది కాదంటండీ" అంది ఆవిడ, చివరికి. "అది కాదంట. లేవండి, పంచె పాడైపోతంది."

ఆయన చాలాసేపు లేవలేదు. లేచాక ఆయన నోట వచ్చిన మొదటి మాట, అంతర్వేది వెళ్లాలి, స్వామికి తలనీలాలు మొక్కేను అని.

మంగాయమ్మగారికి నవ్వొచ్చింది. ఆయన తలని చూస్తూ, "దానికి అంతర్వేది దాకా దేనికండీ. చేత్తో దులిపితే పోద్ది" అంది.

"నాది కాదే. నీది."

రాజమండ్రి నుంచి రావులపాలెం దాకా ఆవిడ కోపంగా లోపల్లోపల లెక్కలేసుకుంది. ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. ఆ రోజు బస్సు ఆపించే అవసరం కూడా ఆయనకి కలగలేదు, లేదా కలిగినా అడిగే ధైర్యం లేకపోయింది. సీసాలు మోసింది తను. అబద్ధాలాడింది తను. మర్దనా చేసింది తను. చివరికి గుండూ తనకే. రావులపాలెంలో బస్సు మారాక, జడ కొసన మూడు కత్తెర్లు ఇస్తే సరిపోదా అని అడిగింది. మొత్తం అని మొక్కేనన్నారాయన.

"నన్నొక్క మాట అడగాలని తోచలేదా మీకు?"

"అడిగితే ఒద్దంటావని భయమేసింది" అన్నారాయన. "నా దగ్గర అంతకంటే మంచిది ఏవుందే, చెప్పు, ఇవ్వడానికి?"

ఎంత వెతికినా కోప్పడటానికి వీలు దొరకని మాటలు ఈ మనిషి నోటికి ఎలా వస్తాయా అన్న చిరాకు మాత్రం ఆవిడకి మిగిలింది.

అంతర్వేదిలో మంగలి కత్తి నూరుతుంటే మంగాయమ్మగారు నిబ్బరంగా కూర్చుంది. ఆదినారాయణగారు జడని రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. సగం అయ్యేసరికి ఆయన మీసం తడిసింది.

"గీసేది నాకండీ" అంది ఆవిడ, తల ఎత్తకుండానే. "మీరేడుస్తారేంటి?"

ఊళ్లోకి వచ్చాక తెలిసింది, మొక్కు మొక్కినప్పుడు ఆయన ఆలోచించని సంగతి. మోకాలి నొప్పి తగ్గితే మా వైపు కొబ్బరికాయ కొడతారు. మహా అయితే ప్రదక్షిణాలు చేస్తారు. మోకాలికి ఇల్లాలు గుండు కొట్టించుకోవడం కోనసీమ చరిత్రలో లేదు. ఊరు రెండు పూటలు ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చింది: జబ్బు ఆయనకి కాదు, ఆవిడకే. అదీ పెద్ద జబ్బు. మందులకి జుట్టు రాలిపోతుంటే గుండు చేయించి, మొక్కు అని చెబుతున్నారు. రాజమండ్రి తిరుగుళ్లన్నీ అందుకే. పాపం ఆ మనిషి పెళ్లాం గుట్టు దాచడానికి కుంటేడు.

చిట్టెమ్మ వచ్చి, వదినా అని మెడ పట్టుకుని ఏడ్చింది. గేదె పాలు తనే పితుకుతానంది. ఆడవాళ్లు వరసగా వచ్చి, మంగాయమ్మగారు బతికుండగానే ఆవిడ మంచితనాన్ని భూతకాలంలో చెప్పుకున్నారు. ఒక్క మాటతో తేలిపోయే వ్యవహారం. కానీ నూతి గట్టు మీద చెయ్యేసి ఇచ్చిన మాట ఉంది. ఆవిడ చెంగు తలమీదికి లాక్కుని, అరుగు మీద ఎడమ కాలు చాపుకుని కూర్చున్న భర్తకేసి చూసేది. ఆయన కొబ్బరిచెట్లకేసి చూసేవారు.

చివరికి తాతారావు వచ్చాడు. అరుగు మీద ఆయన పక్కన కూర్చుని, లోపలున్న ఆవిడకి వినబడదనుకున్న గొంతుతో, "అక్కయ్యగారికి ఎన్నాళ్లని చెప్పేరు బావా డాక్టర్లు?" అని అడిగాడు.

ఆదినారాయణగారు లేచి నిలబడ్డారు. ఏ కాలూ కుంటలేదు.

"దానికేం లేదు. శుభ్రంగా ఉంది. జబ్బు నాది" అన్నారు, వీధి చివరికి వినబడేట్టు. "మోకాలు కాదు. ఒంటికి పోడానికి ఇబ్బంది. క్యాన్సరేమోనన్నారు, కాదని తేల్చేరు. నా కోసం అది జుట్టిచ్చింది. ఇకనించి దాన్ని చూసి ఎవడన్నా ఏడిస్తే ఊరుకోను."

గిన్నె తోముతున్న చిట్టెమ్మ చెయ్యి ఆగిపోయింది. లోపల మంగాయమ్మగారు కాపడం నీళ్ల గిన్నెని పొయ్యి మీంచి దించి దొడ్లో పారబోసింది. తాతారావు కూడా లేచి, ఆయన చెవి దగ్గరికొచ్చాడు. తర్వాత ఇంకా చిన్న గొంతుతో అడిగాడు.

"ఆ పరీక్ష... నెప్పెడతదా బావా? నాకూ రెండేళ్లనించి మోకాలే."

ఆరు నెలలకి మళ్లీ పరీక్షకి వెళ్లారు. ఈసారి అమలాపురం బల్ల మీద ఆడపిల్లల మధ్య మగవాళ్లు ఇద్దరు. తాతారావుకి సీసా ఎంత నెమ్మదిగా తాగాలో ఆదినారాయణగారు అనుభవజ్ఞుడిలా వివరిస్తున్నారు. మంగాయమ్మగారి జుట్టు చెవులదాకా వచ్చింది. గానుగ నూనె అంత జుట్టుకి కూడా పూర్తి కొలతలోనే వస్తోంది, వద్దంటే ఆయన వినలేదు.

"ఈసారి దేనికి మొక్కేరు?" అని అడిగిందావిడ, సీసా అందిస్తూ. "ముందే చెప్పండి."

"ఏం మొక్కలేదే. నీ దగ్గర ఏం మిగిల్చేను గనక."

"ఆయ్. నేను మొక్కేను లెండి" అంది మంగాయమ్మగారు. "మీ మీసం."

ఆదినారాయణగారు సీసా ఒళ్లో పెట్టుకున్నారు. మీసం మీద చెయ్యి వేసుకుని, ఫలితం ఎప్పుడొస్తుందని కౌంటరులో ఉన్న అమ్మాయిని చాలా వినయంగా అడిగారు.