బిక్షపతి పెట్టిన సంతకం

నాచారం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లోని ఆ మందుల కంపెనీ గేటు దగ్గర నిలబడి బిక్షపతి ఎవరని అడిగితే, "ఏ బిక్షపతి?" అని ఎదురడిగేవాళ్లు. సిస్టమన్న ఎవరని అడిగితే మాత్రం వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి మరీ దారి చూపించేవాడు. అంత పేరు ఊరికే రాలేదు. ఆలేరు పక్కనుంచి పంతొమ్మిదేళ్లప్పుడు వచ్చి, అదే కంపెనీలో లారీల్లోకి అట్టపెట్టెలు మోశాడు మహానుభావుడు. ఇంటర్ తప్పాడు. సాయంత్రాలు హబ్సిగూడ దాకా నడిచి కంప్యూటర్ కోర్సు నేర్చుకున్నాడు. మోసిన పెట్టెలు మోస్తూనే ఆఫీసులో ఆగిపోయిన ప్రింటర్లు బాగుచేసిపెట్టాడు. చివరికి ఒకరోజు పెద్దసారు, "ఇతన్ని ఆ పెట్టెల దగ్గర ఎందుకుంచారయ్యా?" అని కోప్పడి, లోపల కుర్చీ వేయించాడు. ఆ కుర్చీ ఎక్కి రెండువేల పదకొండుకి పన్నెండేళ్లు.

కంపెనీలో రెండువందల పన్నెండు కంప్యూటర్లు. ఇక్కడ కొన్ని, చర్లపల్లి యూనిట్‌లో కొన్ని. అన్నిటినీ ఒక్కచోట కూర్చుని చూసుకోవడానికి సర్వర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. బిక్షపతి తన గదిలోంచే ఏ కంప్యూటర్‌లోకైనా వెళ్లి, కావలసింది ఎక్కించి, చెడిపోయింది సరిచేసి రావచ్చు. ప్రతి కంప్యూటర్‌లోనూ ఒక చిన్న ప్రోగ్రాం పనిమనిషిలా కాచుకుని ఉండి, సర్వర్ ఏం చెబితే అది చేస్తుంది. చక్కగా ఉంది కదా? చక్కగానే ఉంది, ఆ పనిమనిషి ఎవరు పిలిచినా సర్వరే పిలిచిందనుకుని తలుపు తీస్తుందని తెలిసేదాకా. ఆ లొసుగు తెలిసినవాడు కంపెనీలో ఏ మూల కూర్చునైనా సరే, పాస్‌వర్డ్ లేకుండా ఎవరి కంప్యూటర్‌లోనైనా దూరి, వాళ్ల పేరు మీదే ఏదైనా రాసి రావచ్చు. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లే నాలిక కరుచుకుని, దసరాకి రెండురోజుల ముందు ఆ లొసుగు మూసే ప్యాచ్ పంపించారు. వెంటనే వేసుకోమన్నారు. వేసినట్టు ఫారం మీద సంతకం చేసి హెడ్డాఫీసుకి పంపమని పైనుంచి హుకుం కూడా వచ్చింది.

మరునాడు పొద్దున బిక్షపతి ప్యాచ్ వేద్దామని సర్వర్ గదికి వెళితే, మేనేజర్ బుచ్చిబాబు అప్పటికే ఆయుధపూజ ముగించేశాడు. బుచ్చిబాబుది తణుకు. మంచివాడు, భక్తి కాస్త ఎక్కువ. సర్వర్‌కి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. కొబ్బరికాయ మాత్రం గది బయటే కొట్టాడు, ఆ మాత్రం తెలివి ఉంది.

"ముట్టుకోకయ్యా బాబూ! పూజ చేసిన వస్తువు పండగ వెళ్లేదాకా కదపకూడదు," అని అడ్డం వచ్చాడు బుచ్చిబాబు.

"ఫారం ఇయ్యాల్నే పంపాలంట సార్."

"అయితే సంతకం పెట్టి పంపెయ్. పండగెళ్లాక తీరిగ్గా వేద్దువుగాని. మూడ్రోజుల్లో మునిగిపోయేదేముంది?"

ఇలాంటి సంతకాలు మన ఆఫీసుల్లో ఎన్ని లేవు! మంచి మనసుతో, రేపు చేసేస్తాంలే అన్న ధైర్యంతో పెట్టేవి. బిక్షపతి పెట్టాడు. పండగ వెళ్లింది. కానీ అప్పుడు సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు, బొగ్గు లేక కరెంటు కోతలు. ప్యాచ్ వేయాలంటే కంప్యూటర్లన్నీ ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. "కరెంటున్న జరసేపు గూడ బంద్ పెడతవా అన్నా?" అని షిఫ్టువాళ్లు మీదికొచ్చారు. వచ్చేవారం అనుకున్నాడు. ఆ వారం తర్వాత ఇంకో వారం. తర్వాత మరిచేపోయాడు.

నవంబర్ పదిహేను, మంగళవారం. స్వర్ణలత బిక్షపతి గదిలోకి పరుగులాంటి నడకతో వచ్చింది. జనగామ అమ్మాయి, బోడుప్పల్‌లో తల్లితో ఉంటుంది. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. మందుపొడి తూచి, ఆ బరువు కంప్యూటర్‌లో ఎక్కించి, కాటాలోంచి వచ్చిన చీటీని రికార్డు కాగితానికి అతికించడం ఆమె పని. జనవరిలో పర్మనెంటయ్యేవాళ్ల జాబితాలో ఆమె పేరుంది.

"అన్నా, నన్ను సస్పెండ్ జేసిన్రు," అంది. "చీటీ మీద నలభైతొమ్మిది కిలోల వంద గ్రాములున్నది. కంప్యూటర్ల యాభై ఉన్నదంట. నిన్న రెండుగంటల ఇరవై నిమిషాలకు నేనే మార్చిన్నంట. గప్పుడు నేను క్యాంటీన్ల బువ్వ తింటున్ననే! ఎవ్వలు నమ్ముతలేరు. కంప్యూటర్ అబద్ధం చెప్తదా అంటున్రు. గురువారం గాక అచ్చే గురువారం ఎంక్వైరీ. జర సూడన్నా, నీ కాల్మొక్త."

"ఫికర్ జెయ్యకు. నేను జూస్త," అన్నాడు బిక్షపతి.

ఆమె వెళ్లాక సర్వర్ చిట్టా తెరిచాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. రెండుగంటల ఇరవైకి స్వర్ణలత కంప్యూటర్‌లోకి ఎవరో దూరారు. ఎక్కణ్నుంచి? ప్రొడక్షన్ ఆఫీసులో పవన్‌కుమార్ కంప్యూటర్ నుంచి. పవన్‌కుమార్ ఆర్నెల్ల కిందట చేరిన ఇంజినీరు. పొడి తక్కువొచ్చి బ్యాచ్ ఆగిపోతే మాటపడతానని, అంకె మార్చేసి బ్యాచ్ నడిపించేశాడన్నమాట. ఇంటర్నెట్‌లో చదివి లొసుగులో దూరడం తెలుసుగాని, చీటీ అతికిస్తారన్న సంగతి అయ్యగారికి తెలియదు.

బిక్షపతి సంతోషంగా కుర్చీలోంచి సగం లేచాడు. లేచినవాడు లేచినట్టే ఆగిపోయాడు. పైవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? "ఆ లొసుగు దసరాకే మూసేశానని సంతకం పెట్టావు కదయ్యా, మరి వాడెలా దూరాడు?"

అప్పుడతను చేసిన పని మాత్రం క్షమించరానిది. చిట్టా మూసేసి, గది గడియ పెట్టి, ఆ సాయంత్రమే గప్‌చుప్‌గా ప్యాచ్ వేసేశాడు. రెండువందల పన్నెండు కంప్యూటర్లలో ఒక్కటి కూడా వదల్లేదు. నలభైరోజులు తీరిక దొరకని పని మూడుగంటల్లో అయిపోయింది!

బుచ్చిబాబుకి మాత్రం చెప్పాడు. ఆయన తలుపు దగ్గరికి వేసి, "నోరు మెదపకు," అన్నాడు. "ఇప్పుడు బయటపడితే ఇద్దరం రోడ్డున పడతాం. ఆ అమ్మాయి సంగతి నేను మెల్లగా చూస్తాను." మెల్లగా అంటే ఎప్పుడో ఇద్దరికీ తెలియదు.

స్వర్ణలత రోజూ పొద్దున తొమ్మిదికల్లా వచ్చి, గేటు ఎదురుగా ఛాయ్ హోటల్ బల్ల మీద కూర్చునేది. లోపలికి రానివ్వరు. ఇంట్లో ఉండలేదు. మొదటిరోజు ఫోన్ చేస్తే బిక్షపతి ఎత్తి, "సూస్తున్నమ్మా," అన్నాడు. రెండోరోజు కూడా అదే అన్నాడు. మూడోరోజు నుంచి ఎత్తడం మానేశాడు. జేబులో ఫోన్ మోగుతుంటే చెయ్యి పెట్టి నొక్కిపట్టేవాడు, మోత ఆగేదాకా. గేటు ముందు నుంచి రావడం మాని, వెనక లారీలొచ్చే దారిన వచ్చాడు.

ఇంట్లో దాచలేకపోయాడు. చిలకానగర్‌లో రెండుగదుల ఇల్లు. భార్య ఉప్పలమ్మ అన్నం పెడుతూ, "ఏమైందయ్యా, నాలుగు రోజులసంది గీ తీరుగున్నవ్?" అని అడిగితే మొత్తం కక్కేశాడు.

ఉప్పలమ్మ కూరగిన్నె పక్కన పెట్టి కూర్చుంది. తర్వాత, "పాపం, ఆ పిల్ల తప్పేమున్నది?" అంది. అంతలోనే, "చెప్తే నిన్ను ఉంచుతరా?" అంది.

"ఉంచరు."

"ఇంటర్ తప్పినోనికి ఇంకో కంపెనీల గీ కుర్చీ ఎవడిస్తడు? మళ్ల పెట్టెలు మోస్తవా, నలభై ఏండ్లొచ్చినంక?"

బిక్షపతి కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. ఉప్పలమ్మ చెడ్డది కాదు. ఉన్నమాట అంది, అంతే.

గురువారం రానే వచ్చింది. ఎంక్వైరీ గదిలో ప్లాంట్ పెద్దసారు, క్వాలిటీ మేడమ్, బుచ్చిబాబు. ఓ పక్క స్వర్ణలత, కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడి ఉంది. తొమ్మిదిరోజుల్లో మనిషి సగమైంది. బిక్షపతిని సాక్షిగా పిలిచారు.

"బరువు మారింది ఈవిడ కంప్యూటర్‌లోనేనా?" అన్నాడు పెద్దసారు.

"అవును సార్."

"ఈవిడ పేరు మీదేనా?"

"అవును సార్."

రెండూ నిజాలే. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. నిజాలతో కూడా మనిషి గొంతు కోయొచ్చని బిక్షపతికి అప్పుడే అర్థమైంది. బుచ్చిబాబు బల్ల మీది పెన్ను వంక చూస్తూ కూర్చున్నాడు.

పెద్దసారు ఒక కాగితం స్వర్ణలత ముందుకి తోశాడు. "తప్పు ఒప్పుకుని సంతకం పెట్టమ్మా. కేసు గీసు లేకుండా పంపించేస్తాం."

ఆమె కాగితం చదివింది. అక్షరం అక్షరం చదివింది. పెన్ను తీసుకోలేదు.

"నేను చెయ్యలే సార్. చెయ్యనిదానికి సంతకం ఎట్ల పెట్టాలె?"

చెయ్యనిదానికి సంతకం పెట్టిన మనిషి అదే గదిలో గోడవార నిలబడి ఉన్నాడు. అతనికి పారిపోదామనిపించింది, నిజంగానే తలుపు వైపు ఒక అడుగు వేశాడు కూడా.

"సార్," అన్నాడు. "ఆమె చెయ్యలేదు. నాకు తెలుసు."

బుచ్చిబాబు తలెత్తాడు. కళ్లతోనే వద్దు వద్దన్నాడు.

బిక్షపతి పక్కనున్న కంప్యూటర్ తెరిచి రెండు కాగితాలు ప్రింట్ తీశాడు. క్వాలిటీ మేడమ్ అందుకుని బల్ల మీద పరిచింది. ఒకదాంట్లో పవన్‌కుమార్ కంప్యూటర్ నుంచి వెళ్లిన ఆర్డరు, తేదీతో, నిమిషంతో సహా. రెండోదాంట్లో రెండువందల పన్నెండు కంప్యూటర్ల జాబితా. ప్రతి వరుసలోనూ ప్యాచ్ పడిన తేదీ ఒకటే, నవంబర్ పదిహేను.

"దసరాకి వేసినట్టు ఫారం వచ్చిందే?" అన్నాడు పెద్దసారు.

"నేను వెయ్యకుండనే సంతకం పెట్టిన సార్."

"ఎవరు పెట్టమన్నారు?"

బుచ్చిబాబు బల్ల మీది పెన్ను తీసి గుప్పిట్లో పట్టుకున్నాడు. బిక్షపతి ఆయన వైపు చూడలేదు.

"సంతకం నాది సార్," అన్నాడు.

పవన్‌కుమార్‌ని పిలిపించారు. పావుగంట బుకాయించాడు, ఆ తర్వాత ఏడ్చాడు. ఆ బ్యాచ్ బయటికి పోకముందే పట్టుకున్నారు గనక సరిపోయింది, మొత్తం పారబోయించారు. స్వర్ణలతని రేపట్నుంచి పనిలోకి రమ్మన్నారు. సాయంత్రం నాలుగింటికి బిక్షపతి చేత రాజీనామా రాయించుకున్నారు. పన్నెండేళ్ల కుర్చీ పదినిమిషాల్లో ఖాళీ అయింది. మెట్ల దగ్గర బుచ్చిబాబు అతని రెండు చేతులూ పట్టుకుని ఏదో అనబోయి, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. బిక్షపతి చేతులు విడిపించుకుని దిగిపోయాడు.

ఆ రోజు ముందు గేటు నుంచే బయటికొచ్చాడు. రోడ్డు మీద స్వర్ణలత నిలబడి ఉంది. ఆమె కృతజ్ఞతలు చెబుతుందేమోనని, చెబితే ఏమనాలో తెలియక, అతని అడుగు తడబడింది.

"అన్నా," అంది. "నీకు ఎప్పుడు తెల్సింది?"

ఇవాళే అనొచ్చు. అన్నా ఎవరూ కాదనలేరు.

"నువ్వచ్చి చెప్పిన్నాడే," అన్నాడు.

స్వర్ణలత అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. కోపం కూడా కాదది, కోపమైతే భరించేవాడు.

"మొన్న మా అమ్మ అడిగింది నన్ను, నిజంగ నువ్వు చెయ్యలేదా బిడ్డా అని," అంది నెమ్మదిగా. "నేను దొంగలెక్క రాసిన్నని మా అమ్మకు అనుమానం. గప్పటికి నీకు తెల్సు."

ఉప్పల్ వెళ్లే షేర్ ఆటో వచ్చి ఆగింది. స్వర్ణలత ఎక్కి కూర్చుంది. ఇంకొకరికి చోటుంది. "రా అన్నా, ఒక్కలకే!" అని డ్రైవర్ బిక్షపతిని కేకేశాడు.

"నువ్వు పో. నేను ఎనక ఆటోల వస్త," అన్నాడు బిక్షపతి.