నాలుక చూడని బస్తా

విత్తనాల గోదాము గుమాస్తాని అందరూ తెల్లమీసం అనేవారు. మీసం నెరిసింది ఈమధ్యే గాని, పేరు పాతికేళ్ల నాటిది. పురుగు పట్టకుండా గాదెలకు కొట్టే తెల్లమట్టి ఆయన మీసంలో స్థిరనివాసం ఏర్పరచుకుంది.

ఆ మట్టి మహిమ గురించి కొత్తగా చేరిన ప్రతి కూలీకీ ఆయన ఒక ఉపన్యాసం ఇచ్చేవాడు. ఏ కాలంలోనో ఎండిపోయిన చెరువుల అడుగున, కంటికి ఆనని నాచు వదిలిపోయిన పెంకులట అవి. మన చేతికి పౌడరంత మెత్తన. పురుగుకి మాత్రం పగిలిన గాజు మీద నడక. ఒంటి మీది మైనపుపూత గీరుకుపోయి, ఒంట్లో తడి ఆరిపోయి, విషమన్నది మింగకుండానే పురుగు పరమపదిస్తుంది. చివర్న చిటికెడు నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకునేవాడు. అతుక్కుంటే మంచి సరుకు, గరగరలాడితే కాదు. ఆయన నాలుక చూడందే బస్తా వాడకూడదన్నది గోదాము రాజ్యాంగం.

ఆ బుధవారం రాజ్యాంగానికి సెలవు దొరికింది. ముందురోజే దవడపన్ను పీకించుకున్నాడు. మట్టీ మశానం నోట్లో పెట్టొద్దని పళ్ల డాక్టరు మరీ మరీ చెప్పాడు. కంటిచూపుతోనే బస్తాని ఆమోదించాడు. గాదెలకు మట్టి కొట్టేది ఆయన భార్యే. పొడి చిమ్మే చేతిపంపు నింపుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఖాళీ రేకుగాదెలోకి దిగింది. నిరుడు నిమ్ము చేసి ఆమె ఊపిరితిత్తులు నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాయి. ఆమె కూడా వాటితోపాటే ఉంది.

రెండు నిమిషాలకే పక్కవీధి ఈతకొలను మనిషి వచ్చి, తడి తగలకుండా దాచమని తానిచ్చిన బస్తా అడిగాడు. "నీళ్లు వడకట్టే మట్టి బాబాయ్. మీదీ మాదీ ఒకే జాతిగా."

ఒకే జాతే. కాకపోతే అది కొలిమిలో కాలిన జాతి. కాలితే ఆ మట్టిలోని గాజు స్ఫటికంగా మారుతుంది. ఆ దుమ్ము పీల్చగా పీల్చగా ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. ఉపన్యాసంలో అదీ ఒక భాగమే.

తెల్లమీసం మూలనున్న బస్తా కుట్టు విప్పాడు. అదే తమ మట్టి, లేత గోధుమరంగు కలిసిన తెలుపు. ఇందాక ఆమోదించిన బస్తా విప్పినప్పుడు తన వేళ్లకంటిన పొడి చూసుకున్నాడు. పాలనురుగులా తెల్లగా ఉంది. వేళ్లమధ్య నలిపితే గరగరలాడింది.

పరుగెత్తాడు. కేకేస్తే ధాన్యం తూర్పారబట్టే యంత్రం చప్పుడులో తన గొంతు తనకే వినపడలేదు. రేకు మీద కొడదామంటే గోడలకున్న పొడంతా ఆమె మీదే రాలుతుంది. కింది తలుపు తీస్తే గాలికి లేస్తుంది. ఇక మిగిలింది నిచ్చెన. పైకెక్కి మూత దగ్గర తొంగిచూస్తే లోపల తెల్లటి పొగమంచు. పంపు చప్పుడు లేదు. మనిషి జాడ లేదు. ఒక కాలు లోపలికి వేశాడు. అప్పుడే యంత్రం ఆగింది.

"ముక్కుకి గుడ్డయినా లేకుండా ఎక్కడికండీ ఆ దిగడం?"

గొంతు వెనకనుంచి వచ్చింది. కుళాయి దగ్గర భార్య ముఖం కడుక్కుంటోంది.

రెండు విసుర్లకే తెలిసిపోయిందట. మన మట్టి గోడని పట్టుకుంటుంది, ఇది జారిపోయిందట. అనుమానమొచ్చి బయటపడిందట.

"నాకు చెప్పొద్దూ?"

"ముందు ముఖం కడుక్కోనివ్వండి. మీకు చెబితే ఉపన్యాసం మొదలెడతారు."

ఆయన నవ్వలేదు. పనంతా ఆపించి, బస్తా రుచి చూడకుండానే బాగుందన్నది తనేనని కూలీలందరి ముందూ ఒప్పుకుని, భార్యని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. డాక్టరు ఆమె వీపు మీద గొట్టం పెట్టి విన్నంతసేపూ ఆయన గోడకు అతుక్కుని నిలబడ్డాడు. ఏమీ లేదన్నాడు డాక్టరు. రెండు విసుర్లకు కాదు, రోజూ పీలిస్తేనే ముప్పట. కాకపోతే ఇకమీదట ముక్కుకి గుడ్డ కాదు, దుమ్ము చొరని ముసుగు కావాలన్నాడు.

దారిలో ఆమె మెల్లగా చెప్పింది: "ఇక బస్తా చూడాల్సింది గాదెలోకి దిగేవాళ్లు. మీరు కాదు."

పాతికేళ్ల అధికారం ఒక్క తలూపుతో చేతులు మారింది.