చీమల కెమిస్ట్రీ

చదువుకోని ఆడది తప్పు చేస్తే నాలిక కరుచుకుంటుంది. చదువుకున్న ఆడది తప్పు చేస్తే వాదిస్తుంది. నేను బీయస్సీ, అందులోనూ కెమిస్ట్రీ. కాబట్టి బిలాస్‌పూర్ రైల్వే ఆసుపత్రిలో నా పరువు ఎంత వైభవంగా పోయిందో మీరే ఊహించుకోండి. ఊహకందకపోతే చెబుతాను. దాచుకోవడానికి ఇప్పుడేం మిగిలింది కనుక.

ఎనభైల చివరి మాట. మా బుజ్జి రెండో తరగతి. ఉన్నట్టుండి బొగ్గింజనులా నీళ్ళు తాగడం, ప్రతి స్టేషన్లోనూ ఆగే ప్యాసింజరు బండిలా మాటిమాటికీ దొడ్లోకి పరుగెత్తడం మొదలుపెట్టింది. సరిగ్గా అదే వారం ఒక పత్రికలో వైద్యుడి శీర్షిక చదివాను. అతి దాహం, అతి మూత్రం ఉంటే షుగరు వ్యాధిని అనుమానించాలట. అనుమానించడంలో నాకు ఒకరు చెప్పాలా?

"మెళ్ళో కొత్త నీళ్ళ సీసా కట్టేం కదేటి, సరదాకి తాగతంది," అన్నారు లోకో షెడ్డులో పనిచేసే మా ఆయన.

"ఇంజన్లకి నీళ్ళు చాలాయో లేదో మీరు చూసుకోండి. పిల్ల సంగతి నేను చూసుకుంటాను."

ఆసుపత్రిలో డాక్టరు గారిదీ అదే పాట, కాకపోతే హిందీలో. ఉక్కపోతమ్మా, పిల్లలు తాగుతారు, వెళ్తారు, పరీక్షలెందుకన్నారు. నేను కెమిస్ట్రీ చదివానని చెప్పాను.

"అచ్ఛా," అన్నారాయన, ఆ ఒక్క మాటతో నా పట్టా మడిచి పక్కన పెట్టేస్తూ. "అయితే రేపు మూత్రం సాంపిల్ తెండి. సీసా బాగా కడిగి మరీ తేవాలి."

"సీసా కడగడం కూడా మీరే నేర్పుతారా?"

నేర్పాల్సింది. మా వంటింట్లో బుజ్జి దగ్గుకి అల్లం రసంలో కలిపే తేనె సీసా ఒకటి అప్పుడే ఖాళీ అయింది. ముదురు గోధుమ రంగు గాజు. పైన బూడిదతో తోమి, అద్దంలా మెరిసేదాకా తుడిచి, లోపల మాత్రం ఒక్కసారి చన్నీళ్ళు తిప్పి పారబోశాను. పైన పటారం, లోన పానకం.

మర్నాడు పొద్దున్న అందులోనే సాంపిల్ పట్టి ఇచ్చాను. మధ్యాహ్నం ఫలితం వచ్చింది. నీలం మందు ఇటుకరంగులోకి తిరిగిందట, అంటే షుగరు బాగా ఉన్నట్టు. డాక్టరు గారి ముఖంలో నవ్వు ఎగిరిపోయింది. వెంటనే బుజ్జి చేతి నుంచి రక్తం తీయించి, మధ్యలో విశ్వకర్మ పూజ, ఆదివారం ఉన్నాయి కనుక సోమవారం రమ్మన్నారు. ఖాళీ సీసా అడిగి మరీ ఇంటికి తెచ్చుకున్నాను. సీసాలు పారేసే వంశం కాదు మాది. కడగకుండానే పెరటి గోడమీద పెట్టి మరిచిపోయాను.

వాదించి గెలిచానుగా? గెలుపు ఇంత చేదుగా ఉంటుందని ఆ రెండు రోజుల్లో తెలిసింది. చక్కెర డబ్బా అటకెక్కింది. షెడ్డులో పూజకి అందరి పిల్లలూ బూందీ పొట్లాలు పట్టుకుని తిరుగుతుంటే, మా పిల్ల చేతిలో దోసకాయ ముక్క పెట్టాను. అది దోసకాయనీ నన్నూ మార్చి మార్చి చూసి అడిగింది:

"మమ్మీ, మై మీఠీ హూఁ క్యా?"

నేను తియ్యగా ఉంటానా అని దాని ప్రశ్న. ఔనమ్మా, అదే నా భయం అని చెప్పలేక, కంట్లో ఇంజను పొగ పడిందన్నాను. ఆ చుట్టుపక్కల ఒక్క ఇంజనూ లేదు.

మా అత్తగారిది శ్రీకాకుళం వైపు. ఆవిడ నాతో వాదించలేదు. బుజ్జి దొడ్లోకి వెళ్ళొచ్చినప్పుడల్లా వెనకే వెళ్ళి వంగి చూసేది.

"ఒక్క సీమైనా పట్నేదమ్మీ. పిల్లకేటీ నేదు."

"చీమలేమైనా కెమిస్ట్రీ చదివాయా అత్తయ్యా?"

"సీమలకి సదువెందుకు? ముక్కుంది కదా."

సోమవారం పొద్దున్న ఆసుపత్రికి బయలుదేరుతూ పెరట్లోకి వెళ్ళాను. గోడమీద సీసాకి చీమలు బారులు తీరి ఉన్నాయి, టిక్కెట్టు కిటికీ ముందు జనంలా.

"చూడండి అత్తయ్యా. మీ చీమలే చెబుతున్నాయి," అని అక్కడే కూలబడ్డాను.

ఆవిడ సీసా తీసి, చీమల్ని ఊది, మూతి దగ్గర వాసన చూసింది. అడుగున వేలు పెట్టబోయి అందక, గట్టిగా వంచి, వెలుతురికేసి పట్టింది. అడుగున బంగారు రంగులో ఏదో మెల్లగా కదిలింది.

"పిల్ల పోసిన కాడ సీమ నేదు. సీసాకే పట్టేయి. మరైతే సుగరు సీసాకేనమ్మీ."

నమ్మాలని ప్రాణం కొట్టుకుంది. ధైర్యం చాలలేదు. ముగ్గురం ఆసుపత్రికి నడిచాం. దారిలో ఎన్ని దేవుళ్ళకి ఎన్ని కొబ్బరికాయలు మొక్కానో ఆ దేవుళ్ళకే తెలియాలి.

డాక్టరు గారు కాగితం చూసి తలెత్తారు. "రక్తంలో ఏమీ లేదు. పిల్ల నిక్షేపంగా ఉంది."

బుజ్జిని ఒళ్ళోకి లాక్కుని ఎముకలు విరిగేలా హత్తుకున్నాను. అంతా అక్కడితో ఆగితే మీకు ఈ కథ చెప్పేదాన్నే కాదు.

"మరి ఆ రోజు అంత షుగరు ఎలా వచ్చింది?" అన్నారాయన, తనలో తానే అన్నట్టు.

నేను బుజ్జి జడ రిబ్బను సరిచేయడంలో పడ్డాను. అత్తగారు అందుకుంది. "సుగరు సీసాకండి, డాక్టరు బాబూ. మా కోడలు తేనె సీసా కడగనేదు."

ఆయనకి తెలుగు రాదు. "మాతాజీ ఏమంటున్నారు?" అని నన్నే అడిగారు.

"మీరు చల్లగా ఉండాలని దీవిస్తున్నారు," అన్నాను, చక్కటి హిందీలో.

ఒళ్ళో ఉన్న బుజ్జి తల అడ్డంగా ఊపి, నానమ్మ మాటని ఉన్నదున్నట్టు హిందీలోకి దింపేసింది. "నహీఁ డాక్టర్ అంకుల్. దాదీ బోల్ రహీ హై, శీశీ కో షుగర్ హై. మమ్మీ నే ధోయా నహీఁ."

డాక్టరు గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఆఖరికి అడిగారు: "బెహన్‌జీ, సీసాకి మందు రాయమంటారా?"

ఆ గది గుమ్మంలోనే నా కెమిస్ట్రీ పట్టా సాక్షిగా రెండు శపథాలు చేశాను. ఇక జన్మలో సీసా జబ్బు పిల్లకి అంటగట్టను. అత్తగారి మాట హిందీలోకి దింపేటప్పుడు కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోను. మొదటిది ఎంతవరకు నిలిచిందో చెప్పలేను గానీ, రెండోది ఈనాటికీ తప్పలేదు.