నా సీసాలో నాకు తెలియని మనిషి

2023లో గిద్దలూరులో సుగంధకర్తల మహాసభ జరిగింది. ఉద్దండులు తరలివచ్చారు, రెండు రోజులు ఊరంతా పరిమళించింది, చివరికి చనిపోయిన మనిషి ఒకాయన సభకు హాజరయ్యాడు. ఇలా మొదలుపెట్టాలని నాకెంతో కోరిక. కానీ వచ్చింది నలుగురం. ఊరు పరిమళించలేదు. మేం కూర్చున్న మేడ కింద పంక్చర్లు వేసే ఆయనకు కూడా మా సంగతి తెలియదు. చనిపోయిన మనిషి విషయం మాత్రం కొంత నిజం.

నేను మార్కాపురంలో ఒక పలకల దుకాణం వెనక గదిలో సెంట్లు తయారుచేస్తాను. వెనక కంపెనీ లేకుండా సొంతంగా చేసేవాళ్లను ఇండిపెండెంట్ పర్ఫ్యూమర్ అంటారు. మా నాయన "వాసనల పని" అంటాడు. ఈ పనిలో పెద్ద కష్టం, చేసింది ఎలా ఉందో చెప్పేవాళ్లు ఉండరు. ఇంట్లో అడిగితే "బాగుంది" అంటారు. ఉప్మా గురించి అడిగినా అదే మాట. అందుకని ఏడాదికోసారి ఒక శని, ఆదివారాలు మాలాంటి వాళ్లం కలుస్తాం.

ఆ ఏడు గిద్దలూరులో అత్తరు దుకాణం నడిపే ఖాదర్ మామ తన మేడ మీద గది ఇచ్చాడు. కురిచేడు నుంచి సరళక్క వచ్చింది. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ, సెలవుల్లో సెంట్లు కలుపుతుంది. దర్శి నుంచి మాలకొండయ్య అన్న వచ్చాడు. అగరుబత్తీలకు నూనెలు చేస్తాడు. నాలుగోవాణ్ణి నేను.

నేను తీసుకెళ్లిన సీసా ఒకామె కోసం చేసింది. యర్రగొండపాలెం దగ్గరి పల్లెలో ఉండే నారాయణమ్మ నెల ముందు మా గదికి వచ్చి, పాలిథిన్ కవరులోంచి ఒక తువ్వాలు తీసింది. ఏడాది కిందట పోయిన భర్తది.

"ఉతకలేదు నాయనా. ట్రంకుపెట్టెలో పెట్టినా. రోజూ తీసి వాసన చూసుకుంటా. చూసినప్పుడల్లా ఇంత పోతాంది."

"చూడకుండా ఉండొచ్చు కదా పెద్దమ్మా."

"ఉండగలిగితే నీ దగ్గరికెందుకొస్తా?"

నా జోకులకు పనిలేదని అర్థమై తువ్వాలు అందుకుని, వాసన చూసి, రాసుకుని తిరిగిచ్చాను. పొగాకు, వేరుశనగ నూనె, ఎండకు కాలిన మట్టి, చెమట. చెమటకు జీలకర్ర నూనె ఒక చుక్క చాలు. అన్నీ కుదిరాయి గానీ, కింద ఒళ్లు లేదు. ఒంటి వెచ్చదనం కోసం మేం మస్క్ వాడతాం. ఒకప్పుడు కస్తూరి, ఇప్పుడు ఫ్యాక్టరీ సరుకు, తేనెలా జిగటగా ఉంటుంది. మిగతావన్నీ ఎగిరిపోయాక కూడా అడుగున ఉండిపోయే ఇలాంటి వాసనను బేస్ నోట్ అంటారు. వేశాను. తేడా తెలియలేదు. ఇంకొంచెం వేశాను. ముక్కు అలిసిపోయిందేమోనని ఆపి, మర్నాడు మళ్లీ వేశాను. సభకు వెళ్తున్నానని చెబితే, ఆదివారం గిద్దలూరుకే వచ్చి చూసుకుంటానని నారాయణమ్మ కబురు పెట్టింది. అప్పటికే తువ్వాలులో వాసన అడుగంటుతోందట. అది పోతే, ఇక పోల్చి చూసుకోవడానికి ఆయన లోకంలో ఎక్కడా మిగలడు.

మా సభకు ఒక పద్ధతి ఉంది. సీసా మీద పేరుండదు. బ్లాటర్ అనే సన్న కాగితపు పట్టీని అందులో ముంచి తలా ఒకటి ఇస్తాం. ఎవరూ మాట్లాడకూడదు, ఒకరి మొహం ఒకరు చూడకూడదు. ముందు రాయాలి, తర్వాత చదవాలి. ఒకరు "గులాబీ" అన్నారంటే అందరి ముక్కుల్లోనూ గులాబీ పూస్తుంది కాబట్టి.

శనివారం మధ్యాహ్నం నా సీసా వంతు వచ్చింది.

సరళక్క చదివింది: "ఇప్పుడే ఎవరో లేచిపోయిన మంచం."

ఖాదర్ మామ చదివాడు: "మనిషి. పెద్దాయన."

మాలకొండయ్య అన్న పుస్తకం మూసేశాడు.

"చదువన్నా," అన్నాను.

"నా ఎనకాల ఎవరో నిలబడినారని రాసినా. నవ్వినావంటే తంతా."

నాకు నవ్వు రాలేదు. అదే పట్టీ మళ్లీ చూశాను. పొగాకు, నూనె, మట్టి. మనిషి లేడు.

"ఎవరున్నారు? నాకేం తెలియట్లేదే!"

"తెచ్చింది నువ్వే కదరా అల్లుడా!" అన్నాడు మామ.

వాడేసిన పట్టీలను కిటికీ దగ్గరున్న ఖాళీ ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టాం. ఆ తర్వాత గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. సాయంత్రం మామ కిందికెళ్లి టీ తెచ్చి నలుగురికీ ఇచ్చాడు. మళ్లీ దిగి, ఐదో గ్లాసు తెచ్చి ఆ కుర్చీ పక్కన పెట్టాడు.

"అది ఎవరికి మామా?"

మామ గ్లాసు వైపు చూశాడు. "ఏమో, చెయ్యి పెట్టింది," అన్నాడు.

ఆ టీ నేనే తాగాను. చల్లారితే బాగుండదు.

ఆదివారం పొద్దున నారాయణమ్మ మెట్లెక్కి వచ్చి గడప దగ్గర ఆగిపోయింది. సీసా మూతతో సహా నా సంచిలో ఉంది. పట్టీలు రాత్రే పారేశాం. ఆమె భుజం చుట్టూ కొంగు లాక్కుని, తలుపు వారకు ఒదిగి, నేరుగా ఆ కుర్చీ వైపు చూసింది.

"ఎప్పుడొచ్చినాడు?" అంది. మమ్మల్ని కాదు అడిగింది.

మాలకొండయ్య అన్న గోడ మీది క్యాలెండర్ చదవడం మొదలుపెట్టాడు. కుర్చీ వెనక కిటికీ, కిటికీలోంచి గాలి నేరుగా గడప మీదికి, తెల్లారేసరికి కుర్చీకి అంటినదాంట్లో పై వాసనలు పోయి మస్క్ ఒక్కటే మిగిలింది. ఇదంతా ఇప్పుడు చక్కగా చెబుతున్నాను. అప్పుడు మాత్రం నేనూ కుర్చీ వైపే చూశాను.

గబగబా సీసా తీసి పట్టీ ముంచి ఇచ్చాను. ఆమె మొహం వెనక్కి తీసుకుంది.

"ఈయన కాదు."

"ఇందాక గదిలో..."

"గదిలో ఉండేది ఆయనే. సీసాలో ఉండేది ఇంకెవరో. మా ఆయన ఇట్ల మీదమీదికొచ్చే మనిషి కాదు నాయనా. వాకిట్లో కూర్చుంటే ఇంట్లోకి తెలిసేది, అంతే." తువ్వాలు తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. "బిరీన చూడు. ఇంకా రవ్వంత ఉంది."

సరళక్క అడిగింది: "మస్క్ ఎంత ఏసినావురా?"

"వాసన తెలిసేదాకా."

"తెలిసిందా?"

"లేదు."

అక్క తల పట్టుకుంది. కొన్ని ముక్కులకు ఫలానా మస్క్ అసలు అందదు. దాన్ని స్పెసిఫిక్ అనోస్మియా అంటారు. మిగతావన్నీ బాగానే తెలుస్తాయి కాబట్టి, ముక్కు గలవాడికి ఆ సంగతే తెలియదు.

"చెవిటోడు అరిచి మాట్లాడతాడే, అట్ల చేసినావు," అంది అక్క.

మస్క్ లేకుండా మిగతావన్నీ మళ్లీ కలిపి, పాత సీసాలోది ఒక్కో చుక్క చేర్చాం. నారాయణమ్మ గడప దగ్గరే తువ్వాలు పట్టుకుని నిలబడింది. నేను పట్టీ తీసుకెళ్లడం, జవాబు తీసుకురావడం. సర్వర్ ఉద్యోగం.

"లేడు."

"లేడు."

"దూరంగా ఉన్నాడు."

తర్వాతి పట్టీ ఆమె నా చేతిలోంచి తీసుకుంది. గడప పక్కన నేల మీద కూర్చుంది.

"కుర్చీ ఉంది కదా పెద్దమ్మా," అన్నాను.

"ఆయన ఉండంగా నేను కుర్చీలో కూర్చుంటానా?"

మాలకొండయ్య అన్న ఫోన్ వచ్చిందంటూ కిందికి దిగాడు. ఫోన్ మోగలేదు. ఆమె చాలాసేపు ఆ పట్టీని ముక్కు దగ్గర పెట్టుకుని, తర్వాత తువ్వాలు నాలుగు మడతలు పెట్టింది.

"ఇంక దీన్ని ఉతుకుతా," అంది.

ఆ సీసాలోంచి కొంత నా దగ్గర ఉంచుకున్నాను. ఎన్నిసార్లు చూసినా పొగాకు, నూనె, మట్టి. ఆ గదిలో నలుగురు ఆయన్ని కలిశారు. తీసుకొచ్చిన నాకు మాత్రం ఇంతవరకు పరిచయం కాలేదు. అప్పుడప్పుడు ఎవరైనా మా గదిలోకి వచ్చి, నా వెనకవైపు చూసి తల ఊపితే, నేను వెనక్కి తిరగను. ఎలాగూ తెలియదు.

తెలియని సరుకును ముక్కుతో కొలవకూడదని ఆ కేసుతో నేర్చుకున్నాను. ఇప్పుడు మస్క్‌ను చిన్న డిజిటల్ త్రాసు మీద తూచి వేస్తున్నాను. దానికి రెండు సన్న సెల్లులు పడతాయి. పెట్టెలో రావు, విడిగా కొనుక్కోవాలి.