అక్క ఎంచుకున్న పొట్టి కత్తి

మా అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. తవ్వకాల ఆఫీసులో బొమ్మలు గీసే ఉద్యోగం చేసింది. బొమ్మలంటే రంగుల బొమ్మలు కావు. మట్టిలోంచి బయటపడ్డ కుండ పెంకులు, పూసలు, తుప్పు పట్టిన మేకులు ఆమె బల్ల మీదికి వస్తాయి. వాటిని గళ్ళ కాగితం మీద ఉన్న కొలతకి ఉన్నట్టు గీయాలి. ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ ఉబ్బు ఉందో సన్నటి పెన్నుతో చుక్కలు పెట్టి చూపించాలి. ఒక్క పెంకుకే రెండు వేల చుక్కలు పడతాయి. అందుకే ఆఫీసులో అందరూ ఆమెని చుక్కలమ్మ అనేవాళ్ళు.

"ఫోటో తీసుకుంటే పోదా వదినా?" అని మా పెళ్ళయిన కొత్తలో మా ఆయన అడిగాడు.

"ఫోటో కనిపించింది చెప్తుంది మరిదీ. నేను ఉన్నది చెప్తాను" అంది అక్క. ఆ మాటకి అర్థం ఆయన ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాడు.

అక్క పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "తీరిక దొరకలేదు" అనేది, అదేదో బట్టలు ఉతుక్కోవడానికి తీరిక దొరకనట్టు. మా ఇంట్లోనే వెనక గదిలో ఉండేది. కిటికీ పక్కన ఏటవాలు బల్ల, దాని మీద వంగిన దీపం, పెన్నుల డబ్బా. ఆ డబ్బా ఎవరైనా ముట్టుకుంటే మటుకు ఇల్లు ఎగిరిపోయేది.

ఆమె ఉద్యోగంలో చేరిన పన్నెండో ఏట దూదిలో చుట్టిన పదకొండు ఇనుప ముక్కలు వచ్చాయి. బిస్కెట్టు విరిగినట్టు విరిగి ఉన్నాయి. వాటిని పట్టకారుతో, చేతికి తొడుగులేసుకుని మాత్రమే కదపాలి. ఏడు వారాలు గీసింది. గీస్తూ గీస్తూ ఏ ముక్క పక్కన ఏది వస్తుందో పట్టేసింది. రెండు వేల ఏళ్ళ నాటి పొట్టి కత్తి అది. మూరకి బెత్తెడు ఎక్కువ పొడుగు, రెండు వైపులా పదును, నడుము దగ్గర కాస్త సన్నం, చివర పొడుగాటి మొన. విరగనప్పుడు ఎలా ఉండేదో అలా పూర్తిగా గీసిన బొమ్మని అద్దం కట్టించి ఆఫీసరు తన గదిలో పెట్టుకున్నాడు. ముక్కలేమో రేకు డబ్బాలో పడి స్టోరుకి పోయాయి.

"దాని ఒంటి మీద ప్రతి మచ్చా నాకు తెలుసే. బరువొక్కటే తెలీదు" అనేది అక్క అప్పుడప్పుడు. నేను యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో బట్ట కత్తిరించే పనిలో ఉన్నాను. చెయ్యని పని గురించి చేసేవాళ్ళు మాట్లాడితే వినడం తప్ప ఏమంటాం? ఊఁ కొట్టేదాన్ని.

యాభై నాలుగో ఏట ఆమె కుడి చెయ్యి వణకడం మొదలైంది. మొదట బొటనవేలు ఒక్కటే, మాత్ర నలుపుతున్నట్టు కదిలేది. కాఫీ కప్పు సాసరు మీద టకటకమంటుంటే నేనే నవ్వాను, సంగీతం నేర్చుకుంటున్నావా అని. ఇప్పుడు ఆ నవ్వు గుర్తొస్తే నా నోరు నేనే నొక్కుకోవాలనిపిస్తుంది.

డాక్టరు దాచిపెట్టలేదు. "మందులతో తగ్గుతుందమ్మా, నయం కాదు. నరాల సంగతి ఇది. ఏటికేడు పెరుగుతుంది" అన్నాడు.

అక్క ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. మాత్ర వేసుకున్న ముప్పావు గంటకి చెయ్యి కాసేపు కుదురుకునేది. ఆ కాసేపట్లోనే ఆ రోజు పనంతా దొంగతనం చేసినట్టు చేసుకునేది. ఏడాది అలా లాక్కొచ్చింది. ఒకరోజు ఆఫీసరు కాగితం ఎదురుగా పెట్టి, మెల్లగానే అడిగాడట: "అమ్మా, చుక్కలు గీతలవుతున్నాయి. కళ్ళద్దాలు మార్చారా?" ఆ సాయంత్రమే అక్క రాజీనామా రాసిచ్చి వచ్చేసింది. నెల తిరక్కుండా ఆ బల్ల మీద ఒక యంత్రం పెట్టారు. వస్తువుని దాని కింద పెడితే నాలుగు నిమిషాల్లో బొమ్మ వస్తుందట. యంత్రం వచ్చి ఆమెని పంపలేదు, ఆమె వెళ్ళాకే యంత్రం వచ్చింది. ఏదైతేనేం.

మూడు నెలలు గదిలోంచి బయటికి రాలేదు. ఒక ఆదివారం నేను తనని హాల్లో కూర్చోబెట్టి జడ వేస్తుంటే ఉన్నట్టుండి అంది: "నాకో కత్తి కావాలి."

"వంటింట్లో రెండున్నాయిగా?"

"అవి కాదే. నేను గీసినదాని లాంటిది. గోడకి తగిలించుకునేది కాదు, పని చేసేది. నరికితే తెగాలి, కొడితే పిడి ఊడకూడదు. చెయ్యి పూర్తిగా పోకముందు ఒక్కసారి పట్టుకుని చూడాలి."

మా ఆయన పేపరు దించి, "ఎవరి మీదికి దండయాత్ర వదినా? ముందే చెప్తే మేం పక్క వీధికి మారిపోతాం" అన్నాడు. అక్క గట్టిగా నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

మొదట బజారులో అలంకార సామాన్ల కొట్టుకి వెళ్ళాం. కొట్టతను తళతళలాడే కత్తి తీసిచ్చాడు. పిడి మీద సింహం తల, కళ్ళకి ఎర్ర రాళ్ళు. అక్క దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల గిలక్కాయలో లాగా ఏదో కదిలింది.

"పిడి లోపలికి తోక ఎంత దాకా వెళ్ళింది?" అని అడిగింది. కత్తి అలుగులో పిడిలోకి దిగే భాగాన్ని ఆమె తోక అంటుంది.

"తోకేంటమ్మా? కత్తికి తోకెక్కడుంటుంది? ఇది మేకపిల్లా?" అన్నాడతను.

"ఉంటుంది బాబూ. పిడి చివరిదాకా ఉండాలి. దీనికి వేలెడు సీల ఉంది, అంతే. గట్టిగా విసిరితే అలుగు వెళ్ళి నీ బల్లలో గుచ్చుకుంటుంది, సింహం నా చేతిలో ఉంటుంది."

అతను కత్తి జాగ్రత్తగా వెనక్కి తీసుకున్నాడు.

తర్వాత మా ఆయన ఫోనులో వెతికిచ్చాడు. పాత ఆయుధాలతో సాధన చేసేవాళ్ళ కోసం అచ్చంగా చేసే కంపెనీ ఒకటి ఉంది. వాళ్ళ కత్తి బొమ్మని అక్క పిడి నుంచి మొన దాకా చూసింది. ధర చూసి ఫోను బోర్లా పెట్టేసింది. ఆ డబ్బుతో ఆమెకి ఏడాది మందులొస్తాయి. చవకలో ఉన్నవేమో పదును లేని అట్లకాడల్లాంటివి, సాధనలో ఎవరికీ తగలకుండా చేసినవి.

ఆఖరికి నా కార్ఖానాలో కత్తెరలు సానబట్టే ముసలాయన ఒక దారి చెప్పాడు. లారీల కమాను పట్టీలు బాగుచేసే మేస్త్రి ఒకాయన ఉన్నాడనీ, విరిగిన పట్టీలతో కొడవళ్ళూ నరికే కత్తులూ చేస్తాడనీ, ఆయన చేసింది వంగుతుంది గానీ విరగదనీ.

ఆ షెడ్డులో నల్లటి గ్రీజు నేల, మూలన కొలిమి, గోడకి వరసగా పట్టీలు. మేస్త్రి అక్క తెచ్చిన, కత్తి బొమ్మ ఉన్న పాత గళ్ళ కాగితాన్ని బల్ల మీద పరిచి, చేతులు తుడుచుకుని మరీ చూశాడు.

"మిషన్ గీసిందా ఇది?"

"నేను గీశాను."

ఆయన ఆమె మొహం వంకా, వణుకుతున్న చేతి వంకా చూశాడు. "మూడు వారాలు ఆగండమ్మా" అన్నాడు.

మళ్ళీ వెళ్ళేసరికి రెండు కత్తులు చేసి ఉంచాడు. ఒకటి కాగితంలో ఉన్నది దించినట్టుంది, అలుగు నడిమధ్యన పొడుగునా ఉబ్బెత్తు గట్టు కూడా తీర్చాడు. రెండోదానికి గట్టు లేదు, చదునుగా అరగదీశాడు. దాని ధర మొదటిదాంట్లో సగం. రెండింటికీ ఒకటే పొడుగు, ఒకేరకం పాత కర్ర పిడి. తోక పిడి దాటి బయటికొచ్చి, కొసన సుత్తితో అణిచి ఉంది. ఒక్కోదాన్నీ బిగించి పక్కకి బెత్తెడు లాగి వదిలాడు, అవి మళ్ళీ తిన్నగా నిలబడ్డాయి. తడి గోనె చుట్ట మీద ఒక్క వేటు వేస్తే చుట్ట రెండు ముక్కలైంది.

"చూడ్డానికి ఇది, చేతికి అది. మీ ఇష్టం" అన్నాడు.

అక్క ఆ రోజు లెక్కగా మాత్ర వేసుకునే వచ్చింది. గట్టు ఉన్న కత్తి పిడి పట్టుకుని ఎత్తింది. చేతిలో వణుకు నూలుపోగంతే. కత్తి మొన దగ్గర అది జానెడైంది. గాలిలో ఈగని తరుముతున్నట్టు మొన అటూ ఇటూ కొట్టుకుంది. రెండో చెయ్యి ఆనించింది. అయినా ఆగలేదు. మేస్త్రి వెనక్కి తిరిగి, అవసరం లేని పట్టకారు ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

రెండో కత్తి కూడా ఎత్తి చూసి, దించేసింది.

"నాకేం తెలీడం లేదు. చెయ్యి వణుకే తెలుస్తోంది, కత్తి తెలీడం లేదు" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు పట్టుకో. పట్టుకుని ఏమనిపిస్తే అది చెప్పు" అంది. కళ్ళు మూసుకుంది.

నేను ఎనిమిది మడతల బట్టని ఒకే వేటున కత్తిరించే మనిషిని. చేతికి ఇనుము కొత్త కాదు. గట్టు కత్తి తీసుకున్నాను. "ఇది ముందుకి లాగుతోందక్కా. నీళ్ళ బకెట్ ఒంటి చేత్తో మోస్తున్నట్టుంది."

"మరి రెండోది?"

"ఇది..." అంటూ తిప్పాను. మణికట్టు కదిలే లోపే మొన వెళ్ళిపోయింది. "బరువు ఉంది గానీ లేదక్కా. అంతా పిడి దగ్గరే ఆగిపోయింది. ఎటు అనుకుంటే అటు అదే ముందు వెళ్తోంది. అబ్బ! మంచి కత్తెర లాగుందే!" ఇంకోసారి తిప్పాను. నాకు తెలియకుండానే నవ్వుతున్నాను. గోనె చుట్ట మీద ఒక వేటు కూడా వేశాను.

"చాలు. కింద పెట్టు."

ఆ గొంతుకి మేస్త్రి కూడా ఇటు తిరిగాడు. అక్క కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎప్పుడు తెరిచిందో, నన్నే చూస్తూ ఉంది.

చదును కత్తే కొన్నాం. బస్సులో దాన్ని కాగితంలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మూడు స్టాపులు దాటాక, "ఇరవై ఏళ్ళు దాని బరువెంతుంటుందా అని ఆలోచించాను. నీకు రెండు నిమిషాలు పట్టింది" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

తర్వాత రోజూ మాత్ర వేసుకున్న ముప్పావు గంటకి గది తలుపు మూసుకునేది. లోపల్నుంచి కత్తి బల్లకి తగిలిన చప్పుడు వినబడేది. నేను తలుపు తట్టితే, "పనిలో ఉన్నాను" అనేది. పదో రోజో పన్నెండో రోజో చప్పుడు వేరేగా వినబడింది. తోసుకుని వెళ్ళేసరికి కింద కూర్చుని ఉంది. కత్తి చేజారి పాదం మీద పడింది. ఏడు కుట్లు పడ్డాయి.

"అది ఇంట్లో ఉండటానికి వీల్లేదు" అన్నాడు మా ఆయన. ఆయన అలా అన్నాడు కదా అని తప్పు ఆయన మీదికి తొయ్యను. చేసింది నేను. మధ్యాహ్నం అక్క నిద్రపోతుంటే కత్తి తీసుకుని మేస్త్రి దగ్గరికి వెళ్ళాను.

"పదును తీసెయ్యండి. ఊరికే పట్టుకోవడానికి ఉంటే చాలు."

"ఆమె చెప్పిందా?"

"ఆఁ" అన్నాను.

మేస్త్రి నా మొహం చూసి, కత్తిని సాన మీద పెట్టాడు. మూడు వారాలు పెట్టిన పదును పావుగంటలో పోయింది. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఎక్కడిది అక్కడే పెట్టాను. అక్క సాయంత్రం లేచి దాన్ని చూసింది. ఎత్తలేదు. అంచు మీద వేలు పెట్టి ఈ చివర్నుంచి ఆ చివరికి రాసింది.

"అడిగితే ఇచ్చేసేదాన్నే" అంది. "అడగలేదు చూడు, అదీ."

"నీ మంచికే కదక్కా..."

"నా చెయ్యి నా మాట వినడం మానేసింది. నువ్వూ అంతేనా?"

పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజున నేను మళ్ళీ షెడ్డుకి వెళ్ళాను. గంట పని, మళ్ళీ పదును పెట్టి ఇస్తానన్నాడు మేస్త్రి. ఆ మాట చెప్తే అక్క తల అడ్డంగా ఊపింది. పన్నెండో రోజు నోరు విప్పి, "దాన్ని ఆయనకే ఇచ్చెయ్. పట్టీ ముక్క, దేనికైనా పనికొస్తుంది" అంది. ఇచ్చేసి వచ్చాను. ఆయన దాన్ని ఏం చేశాడో అడిగే ధైర్యం లేకపోయింది.

అప్పట్నుంచి మాట్లాడుతుంది. నీళ్ళు కావాలని, తలుపు వెయ్యమని, మాత్ర వేళయిందని. అంతకు మించి ఏమీ లేదు. ఏటవాలు బల్ల అడ్డంగా ఉందని తీసేయించింది. పెన్నుల డబ్బా నా కూతురు తీసుకుంటే చూసి కూడా ఊరుకుంది. ఆ రోజు నేను వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఏడ్చాను.

మొన్న పెన్షను కాగితాల కోసం బ్యాంకుకి తీసుకెళ్ళాను. ఆమె సంతకం వాళ్ళ దగ్గరున్న పాత సంతకంతో కలవలేదు. మూడుసార్లు పెట్టించారు. మూడూ మూడు రకాలుగా వచ్చాయి. గుమస్తా మంచివాడే. "ఎందుకొచ్చిన శ్రమ పిన్నిగారూ, వేలిముద్ర వేసెయ్యండి" అని సిరా డబ్బా ముందుకి జరిపాడు. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను, బొటనవేలు గుమస్తా పట్టుకుని అద్దాడు. వణుక్కి ముద్ర అలికినట్టు పడింది.

అక్క ఆ మరక వైపు ఎప్పట్లాగే, కుండ పెంకుని చూసినట్టు వంగి చూసింది.

"గీతలు కలిసిపోయాయి బాబూ. ఇంకోటి వేయించు" అంది.

"ఇది చాలండీ, సరిపోతుంది" అని గుమస్తా కాగితం లాక్కుని స్టాంపు కొట్టేశాడు. మా వెనక వరసలో చాలామంది ఉన్నారు. నేను నా చీర చెంగుతో ఆమె వేలికంటిన సిరా తుడిచాను. పూర్తిగా పోలేదు. చెయ్యి పట్టుకుని మెల్లగా బయటికి తీసుకొచ్చాను.