చిక్కుడు పందిరి మీద వీధిలైటు

మా గల్లీకి లైటు కావాలని అడిగినవాళ్లలో నేనూ ఉన్నాను. ఏదో మాటవరసకు అడగడం కాదు, ఎదురింటావిడా నేనూ ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాం. చివరికి మా గేటు పక్కనే స్తంభం పాతి లైటు బిగించారు. అది వెలిగిన సాయంత్రం గల్లీ మొత్తం వాకిళ్లలోకి వచ్చేసింది. వాకిట్లో చీమ పాకినా కనిపించేంత తెల్లటి వెలుతురు. మా ఆయన ఇంట్లోంచి పేపరు తెచ్చి, స్తంభం కింద నిలబడి, చిన్నక్షరాల ప్రకటనలు కూడా పైకి చదివి వినిపించాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి కదా, కళ్లద్దాలు లేకుండా చదివానని నలుగురికీ తెలియాలి. నేను కూడా సంబరపడ్డాను. అప్పటికి వానలు మొదలై చిక్కుడు తీగ పందిరెక్కింది. లైటు వెలుగు సరిగ్గా దాని నెత్తి మీద పడింది. పందిరి ఎంత కళకళలాడుతోందో అనుకున్నాను తప్ప ఇంకేమీ తోచలేదు.

శంషాబాద్‌లో లైట్లకు కరువొచ్చిందని ఎవరైనా అంటే నవ్వుతారు. బెంగళూరు రోడ్డు మీద సాతంరాయి నుంచి వస్తూ చూడండి, రోజూ ఎవరిదో పెళ్లి జరుగుతున్నట్టుంటుంది. డివైడర్ల మీది చెట్లకు కూడా రంగురంగుల లైట్ల తీగలు చుట్టారు. నగల దుకాణాల అద్దాల వెనక మధ్యాహ్నం కూడా దీపాలే. హోటళ్ల బోర్డులు ఎంత పెద్దవంటే, పక్కనున్న బస్టాపులో నిలబడ్డ మనిషి మొహం ఒకసారి ఎర్రగా, ఒకసారి పచ్చగా కనిపిస్తుంది. అదే రోడ్డు దిగి నాలుగడుగులు లోపలికి వస్తే ఎదుటి మనిషి కంటికి ఆనడు. ఫుట్‌పాత్ ఉండాల్సిన చోట బండ్లు ఆపుతారు, మురికికాలవ మీది బండ ఎక్కడ ఉందో ఎక్కడ లేదో కాలికి తెలియాలి. కార్లలో పోయేవాళ్లకు వాళ్ల లైట్లు వాళ్లకుంటాయి, అయినా వాళ్లకే ఇంకా పెడతారు. నడిచేవాళ్లం మేం చెప్పులరిగేలా తిరగాలి. అందుకే మా గల్లీ లైటు విషయంలో నేను తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. కానీ నా కడుపులో బాధ నాకుంది.

ఆ చిక్కుడు మామూలు చిక్కుడు కాదు. మా పుట్టింటిది. మా ఊరు ఇప్పుడు ఎయిర్‌పోర్టు కంచె లోపల ఉంది. ఉందనడం కూడా అలవాటు కొద్దీ అంటున్న మాటే. ఊరు ఖాళీ చేసేటప్పుడు ఒకరు తలుపులు ఊడదీసుకున్నారు, ఒకరు దూలాలు బండికెత్తారు, ఒకరు రోలు దొర్లించుకుంటూ పోయారు. మా అమ్మ గురిగి నిండా, అదే చిన్న మట్టికుండ నిండా, బూడిదలో కలిపిన చిక్కుడు గింజలు తెచ్చింది. మా బాపు చేను కావలికి కప్పుకునే నల్ల గొంగడిలో ఆ గురిగిని చుట్టి, ఒళ్లో పెట్టుకుని ట్రాక్టరెక్కింది. గింజ నల్లగా ఉంటుంది, నెత్తిన తెల్లటి నామం. కాయ అరచేయంత వెడల్పు, అంచు ఊదారంగు. నువ్వులపొడి వేసి వండి జొన్నరొట్టెతో తింటే, ఆ రోజుకు ఇంక ఏ కూరా వద్దనిపిస్తుంది. అమ్మ పోయాక ఆ గురిగి, గొంగడి రెండూ నాకే వచ్చాయి. ఏటా విత్తనం పెట్టడం, కాసినవాటిలో మంచివి చూసి తీగ మీదే ఎండనిచ్చి, గింజ తీసి బూడిదలో దాయడం నా పని.

నిరుడు కూతురి కాన్పని వెళ్లి విత్తనం పెట్టలేదు. తిరిగొచ్చి గురిగి తీస్తే సగం గింజలు పుచ్చిపోయి ఉన్నాయి. మిగిలినవన్నీ ఈ వానకాలంలో పెట్టేశాను. మా ఊరివాళ్లెవరి దగ్గరైనా ఉంటాయేమోనని మా వదినకు ఫోన్ చేస్తే, "అపార్ట్‌మెంటుల చిక్కుడెక్కడ పెడతరు వదినా, నాలుగేండ్లాయె మానుకొని," అంది. అంటే ఈ తీగ కాయకపోతే మా ఊరి చిక్కుడు నా చేతుల్లోనే ఆఖరన్నమాట. పెరట్లో పెట్టి ఉంటే బాగుండేది. పెరడెక్కడుంది? అక్కడ కిరాయి గదులు కట్టుకున్నాం. పట్నం బయటి నుంచే కాదు, మన ఇంట్లోంచి కూడా పెరుగుతుంది.

ఆ గదుల్లో ఒకదాంట్లో కోస్తా వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఉంటుంది. ఎయిర్‌పోర్టులో ఉద్యోగం. పొద్దున్నే వెళ్లి పొద్దుగూకాక వస్తుంది. చేరిన కొత్తలో ఒకసారి, "మీ సొంతూరు ఎక్కడండీ ఆంటీ?" అని అడిగింది. డాబా మీద బట్టలు తీస్తున్నాం. దూరంగా రన్‌వే దిక్కు ఎర్రటి లైట్లు చూపించి, "గదే బిడ్డా. నువ్ రోజు పొయ్యేదే మా ఊరు," అన్నాను. ఆ పిల్ల అటు చాలాసేపు చూసి, "అక్కడ అన్నీ లైట్లే కదండీ," అంది. నిజమే, చూపించడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. మా ఊళ్లో పొద్దుగూకితే కనిపించే లైటు ఒక్కటే, దూరాన పహాడీ షరీఫ్ గుట్ట మీది దర్గా దీపం. చిన్నప్పుడు అన్నం తినకపోతే అమ్మ దాన్నే చూపించి ముద్దలు పెట్టేది. ఇప్పుడు అదే డాబా మీంచి ఎన్నిసార్లు వెతికినా, అన్ని లైట్లలో ఆ ఒక్క లైటు ఏదో నాకు తెలియడం లేదు. దానికి కూడా ఏడుపొస్తుందని ఎవరితోనైనా అంటే నవ్వుతారు.

ఇక తీగ సంగతి. బతుకమ్మ పండుగ వచ్చింది. ఆకులు తామరాకుల్లా పెరిగాయి, పువ్వు లేదు. దీపావళి పోయింది, పువ్వు లేదు. కార్తీకంలో అందరి పందిళ్లూ పూతకొచ్చాయి. నాది మాత్రం గేటు దాటి స్తంభానికి అల్లుకోబోయింది. కొసలు తుంచాను. పుల్లటి మజ్జిగ పోశాను. దిష్టి తగిలిందేమోనని పాత చెప్పు కట్టాను. మా ఆయనకు ఇదంతా కాలక్షేపం.

"ఏందే గిది, పందిరేసినవా, అడివి పెంచుతున్నవా? రేపు పులి గిట్ల వస్తే నన్ను పిలువకు," అన్నాడు.

"పులొస్తే నిన్నే ముందుగాల పంపుత," అన్నాను. నవ్వుతూ అన్నానే కానీ, ఆకులు ఎత్తి పువ్వు కోసం వెతకడం మానలేదు.

ఆ నెలలోనే ఉరుములతో పెద్ద వాన పడి మా గల్లీ లైటు పోయింది. బాగుచేసేవాళ్లు ఇదిగో అదిగో అంటూ రోజులు జరిపారు. ఆ రోజుల్లో కిరాయి అమ్మాయి రోడ్డు దిగింది మొదలు ఇంటి దాకా ఫోన్లో గట్టిగా మాట్లాడుకుంటూ వచ్చేది. "ఆ అన్నయ్యా, వచ్చేశాను, గేటు దగ్గరే ఉన్నాను," అని. పాపం, ఎంత ప్రేమగల అన్నో అనుకున్నాను. ఒకరోజు గేటు తీస్తూ అడిగితే, "నాకు అన్నయ్య లేడండీ. ఫోన్లో అసలు ఎవరూ ఉండరు. చీకట్లో ఎవరైనా వెనకాల వస్తుంటే, నాకోసం ఎవరో ఎదురుచూస్తున్నారనుకోవాలని," అంది. మర్నాటి నుంచి పొద్దుగూకగానే నేనే టార్చి పట్టుకుని గల్లీ మొదట్లో నిలబడ్డాను.

ఆ రోజుల్లోనే తీగ మొగ్గ తొడిగింది. ఒక పొద్దున నీళ్లు పోస్తుంటే, ఆకుల సందుల్లోంచి మెత్తటి గెలలు తలలెత్తి ఉన్నాయి, ఒక్కో గెలకు బియ్యపు గింజలంత మొగ్గలు. మా ఆయన్ని నిద్రలేపి మరీ చూపించాను. మజ్జిగ పనిచేసిందన్నాను, చెప్పు పనిచేసిందన్నాడు. ఇంతలో లైటు బాగుచేశారు. గల్లీ అంతా హమ్మయ్య అనుకుంది, నేనూ అనుకున్నాను. కొన్నాళ్లకు మొగ్గలు పసుపురంగుకు తిరిగి ఒక్కొక్కటే రాలాయి. గెలలు వట్టి పుల్లలై మిగిలాయి.

రాలిన మొగ్గలు ఊడుస్తుంటే అమ్మ గుర్తొచ్చింది. ఎయిర్‌పోర్టు పనులు మొదలైన కొత్తలో, ఇంకా మా చేను చేతిలో ఉన్నప్పుడు, కంచె పొడుగునా పెద్ద లైట్లు పెట్టారు. ఆ వైపు జొన్న మనిషెత్తు దాటి పెరిగింది కానీ కంకి వేయలేదు. మందు కొట్టాలని బాపు అంటే, అమ్మ గట్టు మీద కూర్చుని, "మందెందుకు? చేనుకు గూడ నిద్రుండాలె. గింత ఎలుగుల అదెట్ల పంటది?" అంది. అప్పుడు మేమంతా నవ్వాం. ఇప్పుడు చీపురు పట్టుకుని తలెత్తి చూస్తే, పట్టపగలు కాబట్టి ఆరిపోయి, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది మేం అడిగి తెచ్చుకున్న లైటు.

ఈ లైటు వల్లే తీగ కాయడం లేదని మా ఆయనతో చెప్తే ఊరికే కొట్టిపారేయలేదు. కాసేపు ఆలోచించి, "జర కరెంటు తీగ గుంజితే అయిపాయె. వానకు పోయిందనుకుంటరు," అన్నాడు. నేను వద్దనలేదు. ఆ సాయంత్రమంతా అదే ఆలోచన. ఒక్క నెల చీకటిగా ఉంటే చాలు, ఈ గల్లీ ఇన్నేళ్లు చీకట్లో బతకలేదా? అప్పుడే కిరాయి అమ్మాయి వచ్చింది. ఫోన్ సంచిలో ఉంది, చేతిలో వేడి పల్లీల పొట్లం. ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ, నిదానంగా, గోడల మీది పోస్టర్లు చదువుకుంటూ వస్తోంది. నన్ను చూసి పొట్లం ముందుకు చాచింది. ఆ నడక చూశాక కరెంటు తీగ గుంజే మాట నా నోట మళ్లీ రాలేదు. లైటు కొంచెం అటు తిప్పుతారేమోనని బాగుచేసే అతన్ని అడిగాను. "గట్ల తిప్పితే ఎదురింటోళ్ల వాకిలి చీకటైతది అక్కా," అన్నాడు. అదీ నిజమే.

లైటు ఆరదు, తీగకు చీకటి కావాలి. రెండు రోజులు పందిరి చుట్టూ తిరిగాను. మూడో రోజు పెట్టె అడుగు నుంచి బాపు గొంగడి తీశాను. పందిరంతా కప్పడానికి అది చాలదు. అందుకని మంచి కొసలు నాలుగు ఏరి, గోడ మూలకు లాగి, అక్కడ వెదురు బద్దలతో చిన్న గూడు కట్టాను. పొద్దుగూకే ముందు గొంగడి కప్పడం, తెల్లారాక తీసేయడం. చలికి ముడుచుకున్న ముసలాయనలా గోడవార నల్లగా అది. గల్లీకి మంచి వినోదం దొరికింది. "అక్కా, చిక్కుడుకు సలి పెడుతున్నదా?" అని ఎదురింటావిడ. "జోలపాట గూడ పాడుతది మా ఆమె," అని మా ఆయన. కానీ నాకు నడుం నొప్పి వచ్చిన రోజు ఎవరూ చెప్పకుండానే ఆయనే వెళ్లి కప్పి వచ్చాడు. సెలవు రోజుల్లో కిరాయి అమ్మాయి ఒక కొస పట్టుకునేది. ముక్కు మూసుకుంటూ, "గొర్రె వాసన వస్తోందండీ ఆంటీ," అనేది. అది మా బాపు వాసన అని నేను చెప్పలేదు.

పుష్యం వచ్చేసరికి మళ్లీ గెలలు లేచాయి. ఈసారి రాలలేదు. ఊదారంగు పువ్వులు విచ్చాయి. పిందె దిగిందో లేదోనని నాకు పగలంతా ఆత్రమే. ఒక సాయంత్రం గొంగడి కప్పాక కూడా మనసాగక, అంచు ఎత్తి లోపలికి దూరాను.

లోపల ఏమీ కనిపించలేదు. అంత చీకట్లో కూర్చుని నాకు ఎన్నేళ్లయిందో. తడిమట్టి వాసన, చిక్కుడాకు పచ్చి వాసన, బాపు వాసన. మా చేని గట్టు మీద, అమ్మ పక్కన కూర్చున్నట్టే ఉంది. పైన విమానం దిగుతున్న మోత వినబడుతూనే ఉంది, అయినా అలాగే ఉంది. నాకు మా ఊరు కావాలనిపించింది. ఇన్నేళ్లుగా ఊరికి బదులు డబ్బు వచ్చింది కదా, ఇల్లు వచ్చింది కదా అని సర్దిచెప్పుకున్నదంతా ఆ చీకట్లో పనిచేయలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

గేటు చప్పుడైంది. "ఆంటీ, ఎక్కడున్నారండీ?" అని కిరాయి అమ్మాయి గొంతు.

"గీడనే ఉన్న బిడ్డా. రా, లోపటికి రా," అన్నాను.

వంగి, గొంగడి కింద దూరి నా పక్కన కూర్చుంది. కూర్చుంటూనే ఫోన్ లైటు వేసింది. "వద్దు బిడ్డా, ఆర్పెయ్యి," అన్నాను. ఆర్పేసింది. తన చేయి వెతికి పట్టుకుని, గెల మీదుగా మెల్లగా నడిపించి, దాని మొదలు దగ్గర ఆపాను. వేళ్లకు తగిలింది. గోరంత పిందె, ఇంకా పువ్వు కొస అంటుకునే ఉంది.

"వచ్చేసిందా ఆంటీ?" అంది, ఎవరినో నిద్రలేపుతానేమోనన్నంత చిన్నగా.

"వచ్చింది."

చేయి వెనక్కి తీసుకోలేదు. కాసేపటికి, "మీ ఊళ్లో ఇంత చీకటిగా ఉండేదాండీ?" అని అడిగింది.

"గిది గొంగడంత చీకటే బిడ్డా. మాది ఊరంత ఉంటుండె," అన్నాను.

ఆ పిల్ల ఫోన్ మళ్లీ వెలిగించలేదు. మా ఆయన అన్నానికి పిలిచేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.