రెండో టిక్కు

కాగితం మడత విప్పగానే మూడుసార్లు తుమ్మాను. ఇన్నేళ్లయినా దానిలో మిరపకాయ ఘాటు పోలేదు. షరీఫ్ గారు పోయాక వాళ్లమ్మాయి బ్రాడీపేటలో మా ఇంటికొచ్చి, "మీ టిక్కు లేదని నాన్న దీన్ని ఫైల్లో పెట్టలేదండీ" అని ఇచ్చి వెళ్లింది.

షరీఫ్ గారు గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో నా పై అధికారి. కంప్యూటర్ పని నేర్పింది ఆయనే. ఏ లెక్కయినా చేసినవాళ్లదొక టిక్కు, సరిచూసినవాళ్లదొక టిక్కు, పక్కన తేదీలు ఉండాలి. రెండోది లేని కాగితం ఫైలెక్కదు. ఒకసారి ఆయనకు డేటాఫ్లో అనే రకం కంప్యూటర్ భాష గురించిన పుస్తకం దొరికింది. అందులో ఒక గడికి కావలసినవన్నీ చేరితే చాలు, ఎవరూ చెప్పకుండానే అది పని మొదలెడుతుంది. ఆ భాష నడిచే యంత్రం మా దగ్గర లేదు. అందుకని వరండా గచ్చుమీద సుద్దతో గడులు గీసి, బస్తాల చీటీలను చేత్తో జరిపేవాళ్లం. గేటు చీటీ, తేమ చీటీ రెండూ చేరితేనే సరుకు లోపలికి. ఒకరోజు అలా ఐదు లాట్ల సరుకును నడిపి, ఆ లెక్కను ఆయన ఈ కాగితం మీద రాసి తన టిక్కు పెట్టారు.

"మొదటి లాటు తడిగా ఉందని వెనక్కి పోయింది. దాని గేటు చీటీ ఈ గడిలోనే మిగిలింది. రెండో లాటు తేమ చీటీ వచ్చి దీంతో కలిసిపోదూ?" అన్నాను.

"కలవదమ్మాయ్. ఏ లాటు నంబరు దానితోనే నడుస్తుంది."

"ఏ పేజీలో ఉంది సార్?"

"పుస్తకంలో లేదులే. ఆ భాష తయారుచేసినవాడికి ఆమాత్రం తెలీదా?"

"చెబితే కాదండీ, చూపిస్తే పెడతా టిక్కు."

"నేను నేర్పిందంతా నాకే వడ్డిస్తున్నావే!" అని పెద్దగా నవ్వారు. ఆ నవ్వు చివర కొంచెం చిన్నబోవడం నేను చూశాను. చూసి కూడా పెన్సిల్ తీయలేదు. ఆ భాషను నడిపే ప్రోగ్రాము అసలు రాత, అంటే సోర్స్ కోడ్, చూస్తే తేలిపోతుందని దాన్ని తయారుచేసినవాళ్లకు ఆయన రెండు ఉత్తరాలు రాశారు. జవాబు రాలేదు. ఆ తర్వాత నేనూ ఆయనా ఎన్నో కాగితాలకు టిక్కులు పెట్టుకున్నాం. ఈ ఒక్కదాని మాట ఎత్తలేదు.

పోయిన మంగళవారం అదే సోర్స్ కోడ్ ఇంటర్నెట్లో కనిపించింది. ఎవరో ఉచితంగా పెట్టారు, ఎవరైనా దించుకోవచ్చు. నాలుగు రోజులు వరసగా చదివాను. జత కలిపే ముందు నంబర్లు సరిపోయాయో లేదో చూసే భాగం దొరికింది. పదకొండు వరుసలు. నమ్మకుండా, మా ఐదు లాట్లనూ ఎక్కించి నడిపాను. మొదటి లాటు గేటు చీటీ అలాగే ఉండిపోయింది. రెండో లాటు తేమ చీటీ తన గేటు చీటీతోనే కలిసింది. "కలవలేదు సార్, మీరన్నట్టే" అని పైకే అన్నాను.

చూడనిదే ఒప్పుకోకపోవడం ఆయన నేర్పిన గుణమే. ఇప్పటికీ మందుల చీటీ మీద కూడా రెండుసార్లు వేలు పెట్టి చదువుతాను. కానీ ఆయన మాటకు ఒక్కసారి మినహాయింపు ఇచ్చి ఉండాల్సిందా అనే లెక్క మాత్రం నాకు తెగలేదు.

ఎర్ర పెన్సిల్ చెక్కి, ఆయన టిక్కు పక్కన నాది పెట్టాను. ఇవాళ్టి తేదీ వేశాను. అలవాటుగా, మధ్యలో ఎన్నేళ్లు గడిచాయో చూద్దామని రెండు తేదీలకూ తీసివేత మొదలుపెట్టి, సగంలో పెన్సిల్ పక్కన పెట్టేశాను.